మీకు తెలుసా? ద్రాక్ష లేని ద్రాక్షారామం, వైన్ లేని వైన్స్

ద్రాక్షతోటల మధ్య పల్లెలు, పల్లెకో వైన్ కొట్టు, కొట్టు పక్కనే ఒక వంటిల్లు. పొద్దున్నే బయల్దేరి ఊరూరా ఆగి రుచి చూసుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరడం. ఫ్రాన్సో ఇటలీయో వెళ్లొచ్చిన మన పిల్లలు ఫోన్లలో చూపించే ఫొటోలు ఇలాగే ఉంటాయి. "మన దగ్గర ఇలాంటివి లేవు కదా" అని ఒక నిట్టూర్పు కూడా వాటితో పాటు వస్తుంది. లేకేం! తెల్లారగట్ల రాజమండ్రిలో బండెక్కి, బ్యారేజీ దాటి, ఆత్రేయపురం, అంబాజీపేట, యానాం, ద్రాక్షారామం, తాపేశ్వరం మీదుగా చుట్టుకుని మళ్లీ రాజమండ్రి చేరితే అది అచ్చంగా ఆ షికారే. తేడా ఒక్కటే. అక్కడి సరుకు సీసాలో కూర్చుని మన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. ఇక్కడి సరుకు చాలావరకు గంట కూడా ఆగదు, దాని వేళకు మనమే వెళ్లాలి. ఆ దారిలో తగిలిన సంగతులు ఇవి.

● మన దేశంలో వైన్‌కు పెట్టింది పేరైన ఊరు గోదావరి ఒడ్డునే ఉంది. కాకపోతే ఆ చివర. గోదావరి పుట్టేది నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరంలో. దేశంలో వైన్ ఎక్కువగా తయారయ్యేదీ ఆ నాసిక్ చుట్టుపక్కలే. అక్కడి సులా వాళ్ల తోటకు దగ్గర్లో ఉన్న గంగాపూర్ డ్యామ్ కట్టింది గోదావరి మీదే. ఆ తోటలో తొలి ద్రాక్ష తీగలు 1997లో నాటారు, 2000లో వైనరీ తలుపులు తీశారు. నాసిక్ వ్యాలీ వైన్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే లోపు ఒడ్డున ద్రాక్షతీగ పోయి తాడిచెట్టు వస్తుంది. నది ఒకటే. తలాపున ద్రాక్షసారా, పాదాల దగ్గర తాటికల్లు.

● ద్రాక్షారామం పేరులో ఉన్న ద్రాక్ష ఊళ్లో లేదు. అసలు పేరు దక్షారామం. దక్షప్రజాపతి యజ్ఞం చేసిన చోటు ఇదేనని స్థలపురాణం. జనం నోళ్లలో నాని నాని దక్షుడు ద్రాక్ష అయ్యాడు. పదిహేనో శతాబ్దంలో రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కాలంలో శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రం మీదే. ఆయనకు ఇది దక్షారామమే. తిండి దగ్గర శ్రీనాథుడికి పట్టింపు ఎక్కువ. పల్నాడు వెళ్లి జొన్నకూడు చూసి విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. ఈ నేల సన్నబియ్యం తిన్న నోరు మరి, ఆయన్ని పెద్దగా తప్పుపట్టలేం.

గుడి తూర్పు చాళుక్య భీముడి పేరుతో ముడిపడినది. లింగం ఎంత పొడవంటే, పైభాగానికి పూజ చెయ్యాలంటే మేడ ఎక్కాలి. పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు నాలుగూ ఉమ్మడి గోదావరి జిల్లాలవే. అమరావతి ఒక్కటే కృష్ణ ఒడ్డుకు వెళ్లింది. ఎంత తీరిక షికారైనా గుడికి మధ్యాహ్నానికి ముందో, సాయంత్రమో చేరుకోవాలి. నడిమధ్యాహ్నం దేవుడికీ కునుకు వేళే.

● మన రోడ్ల మీద 'వైన్స్' అనే బోర్డు లేని జంక్షన్ అరుదు. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది. వైన్ కావాలని అడిగితే కౌంటర్లో మనిషి మిమ్మల్ని ఒకసారి తేరిపార చూస్తాడు.

● తాటికల్లుకు వయసు గంటల్లోనే లెక్క. తాడిచెట్టు గెల చివర రోజూ పల్చగా చెక్కి, దాని కింద లొట్టి కడతారు. చుక్కా చుక్కా కారేది నిజానికి కల్లు కాదు, తియ్యటి నీళ్లు. పదింట ఒక వంతు దాకా చక్కెర ఉండే చెట్టు రసం. గాల్లో, లొట్టి గోడల్లో కాపురముండే ఈస్టు ఆ చుక్క పడీపడగానే పని మొదలుపెడుతుంది. తెల్లవారుజామున దించింది తియ్యగా, నాలుక మీద చిన్నగా చిటపటలాడుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. పొద్దుగూకేసరికి పులుపు. మర్నాటికి వంటింట్లో వాడుకునే వెనిగర్‌కు అన్నదమ్ముడు. ద్రాక్షసారా ముదిరే కొద్దీ ధర పెరుగుతుంది, కల్లు ముదిరే కొద్దీ పారబోస్తారు. అందుకే దీన్ని సీసాలో పోసి దూరదేశాలకు పంపే షావుకారు ఇక్కడ కనబడడు. తాగాలంటే చెట్టు దగ్గరికే రావాలి.

లొట్టికి లోపల సున్నం పూస్తే కథ మారిపోతుంది. సున్నం ఈస్టు చేతులు కట్టేస్తుంది, రసం తియ్యగానే మిగులుతుంది. అదే నీరా. దాన్ని కాస్తే తాటిబెల్లం. అంటే కల్లుకూ బెల్లానికీ మధ్య ఉన్నది లొట్టిలో పూసిన సున్నం అంత దూరమే.

ఇంకో చమత్కారం ఉంది. తాడిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగదాన్ని పోతుతాడు అంటారు. పోతుతాడు కాయ కాయదు, కల్లు మాత్రం ఇస్తుంది. ఏది పోతో ఏది పండో మొలకనో మొక్కనో చూసి చెప్పలేం, పూత వచ్చేదాకా ఆగాలి. ఆ పూతకు పన్నెండు, పదిహేనేళ్లు పైనే పడుతుంది. తాడిని తాత నాటితే మనవడు తాగుతాడు. రోజుకు రెండు మూడు సార్లు నడుముకు మోకు, వీపున కత్తుల పొదితో ఆ చెట్టెక్కి దిగే మనిషి కష్టం ఏ వైన్ తోటలోనూ ఉండదు. వేసవి ఉదయాన రోడ్డు పక్క లొట్టి దించుతుంటే ఆగి చూడండి. బండి నడిపేవాళ్లు మాత్రం ముంజెలతో సరిపెట్టుకోవడం మంచిది.

● తాడిచెట్టు ఏడాదిలో నాలుగుసార్లు తిండి పెడుతుంది. ఎండలు ముదురుతుంటే కల్లు. ఏప్రిల్, మే నెలల్లో ముంజెలు. వానలు పడ్డాక శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు రాలుతుంది. దాని గుజ్జు తీసి బియ్యపు రవ్వ, బెల్లం కలిపి రొట్టె కాలుస్తారు, గారెలు వేస్తారు. ఆ టెంకల్ని ఇసకలో పాతరేస్తే సంక్రాంతి నాటికి తేగలు. ఉడకబెట్టినవాటికన్నా తంపటి వేసి కాల్చిన తేగలకే నా ఓటు. మొలకెత్తిన టెంకను కొట్టి చూస్తే లోపల తెల్లటి స్పంజిలాంటి బుర్రగుంజు దొరుకుతుంది, అది పిల్లల వాటా. కాబట్టి 'గోదావరి ఎప్పుడు రావాలి' అని అడిగేవాళ్లకు ఒకే జవాబు లేదు. ఏ నెలలో వస్తే తాడి ఆ నెల వంటే పెడుతుంది.

● రంపచోడవరం ఏజెన్సీలో కల్లుకు తాడి కన్నా జీలుగు చెట్టుకే గిరాకీ. అక్కడి పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాడి, జీలుగు చెట్ల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. నీరాను పులవకుండా ఎలా నిలబెట్టాలన్నది వాళ్ల తలనొప్పి.

● ధవళేశ్వరం బ్యారేజీ ఒక గోడ కాదు, నాలుగు. మధ్యలో లంకలు అడ్డం రావడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ఇప్పటి బ్యారేజీలో వరసగా 70, 43, 23, 39 గేట్లు, మొత్తం 175. మొదటి ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఆ పని మొదలవడానికి పదిహేనేళ్ల ముందే డొక్కల కరువు ఆంధ్రతీరాన్ని ఊడ్చేసింది. ఈ రోజు మన విస్తట్లోకి వచ్చే ప్రతిదీ, అన్నం దగ్గర్నుంచి పూతరేకు దాకా, ఆ రాళ్ల కట్ట దాటే వచ్చింది. పది లక్షల ఎకరాల తడి అది. అందుకే ఇక్కడ కాటన్ దొర విగ్రహం లేని ఊరిని వెతకాల్సి వస్తుంది. గోదావరి స్నానం చేయించేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పురోహితులు ఉన్నారు. తెల్లదొరల్లో ఇలా మంత్రంలోకి ఎక్కినవాడు మరొకడు కనబడడు. పొద్దున ఆరింటికి బ్యారేజీ మీద బండి ఆపితే, దిగువన ఇసక తిన్నెల మధ్య వలలు సర్దుకునే పడవలు, ఎగువన నిండు నీళ్లు. ఒకే నదికి రెండు ముఖాలు.

● ఒకప్పుడు కాకినాడలో పడవెక్కి, సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో దిగొచ్చు. గోదావరి కాలువలు, ఏలూరు కాలువ, కృష్ణ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ ఒకదానికొకటి కలుస్తాయి. ఎత్తుపల్లాల దగ్గర పడవను నీటితో పాటు పైకెత్తడానికీ కిందికి దించడానికీ లాకులు. ఆ దారినే 2008లో జాతీయ జలమార్గం 4గా ప్రకటించారు. ఆత్రేయపురం పోయే దారిలో లొల్ల లాకులు కనిపిస్తాయి. చూడగానే ఎక్కడో చూశామే అనిపిస్తుంది. ఏదో సినిమాలో చూసే ఉంటారు.

● పూతరేకు చాలా పాతది, కానీ ఈనాడు దాన్ని ఎక్కువగా చేసే బియ్యం 1968కి ముందు రైతుల పొలాల్లో లేదు. ఆత్రేయపురం ఇళ్లల్లో రేకులకు ఎక్కువగా వాడేది జయ రకం బియ్యం. అది 1968లో విడుదలైన పొట్టి వరి వంగడం, హరితవిప్లవం బిడ్డ. తాతలనాటి మిఠాయి కొత్తకాలపు గింజను ఇంత ఇష్టంగా తనది చేసుకోవడం ముచ్చటగా ఉంటుంది.

రేకు తీసే విధానం చూసి తీరాలి. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యాన్ని నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్లలాగా జారే పిండిలో పల్చటి గుడ్డను ముంచి, కుండ వీపు మీద ఒక్క వేటుగా లాగుతారు. రెండు మూడు క్షణాలు. గుడ్డ దాటిన చోట తెల్లటి పొర ఒకటి లేచి నిలుస్తుంది. చేత్తో తీస్తే రేకు. మంట కాస్త పెరిగితే మాడుతుంది, తగ్గితే అంటుకుంటుంది, గాలి తగిలితే చిరుగుతుంది. అందుకే ఆ గదిలో ఫ్యాను తిరగదు. చెమట తుడుచుకునే చెయ్యి కూడా లెక్క ప్రకారమే కదులుతుంది. రేకు తియ్యడం ఒక పని, నెయ్యి రాసి పంచదారో బెల్లమో జల్లి మడత పెట్టడం మరో పని, రెండూ ఒకే చేతికి రావాలని లేదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నా మాట వింటే, రంగు పెట్టెల్లోవి ఊరికి పట్టుకెళ్లండి. ఇక్కడ మాత్రం అప్పుడే తీసిన రేకుకు అప్పుడే కాచిన నెయ్యి, తరిగిన బెల్లం వేయించుకుని, అరుగు మీద కూర్చుని తినండి. చాక్లెట్ పూతరేకుల గురించి నేనేమీ మాట్లాడను.

● ఆత్రేయపురానికి దగ్గర్లోని ర్యాలిలో స్వామి ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళ్లి చూస్తే జగన్మోహిని. ఒకటే రాయి.

● రావులపాలెంలో అరటిగెలల మార్కెట్ పొద్దున్నే చూడాలి. సైకిళ్ల మీద, ఆటోల మీద, వ్యాన్ల మీద గెలలే నడిచొస్తున్నట్టు ఉంటుంది. చక్కెరకేళి ఒక అత్తం కొని బండిలో పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా దిగులు లేదు.

● అంబాజీపేటలో ఇడ్లీకి రేకుల పాత్ర అక్కర్లేదు, పనసచెట్టు చాలు. నాలుగు పనసాకుల్ని పుల్లలతో గుచ్చి చిన్న బుట్టలా కుట్టి, అందులో మినప్పిండి, ఇడ్లీ రవ్వ కలిపిన పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అదే పొట్టిక్క. ఆకు విప్పితే పిండి మీద ఈనెల అచ్చు పడి ఉంటుంది, పనసాకు వాసన కూడా పిండిలోకి దిగుతుంది. పక్కన కొబ్బరి పచ్చడి. కొబ్బరిసీమ నడిబొడ్డున కొబ్బరి పచ్చడి కాక మరేముంటుంది! తమాషా ఏమిటంటే, ఇక్కడికి బహుదూరాన, దేశానికి అవతలి తీరంలో మంగుళూరు, ఉడుపి వాళ్లు కూడా కృష్ణాష్టమికి పనసాకు బుట్టల్లోనే కడుబు వండుకుంటారు. పనస, కొబ్బరి, వాన ఉన్న చోట మనుషుల ఆలోచన ఒకే దారిన పోతుంది కాబోలు. పొట్టిక్కలకు వేళ ఉదయమే. పది దాటాక వెళ్లి లేవంటే మొహం చిన్నబుచ్చుకుని లాభం లేదు. "అయిపోయాయండీ, ఆయ్" అని ఎంత మర్యాదగా చెప్పినా అయిపోయినవి అయిపోయినవే.

● 'గోదావరి గంగ' నది పేరు కాదు, కొబ్బరి పేరు. అంబాజీపేట పరిశోధన స్థానంలో మన పొడుగు రకం కొబ్బరినీ, పొట్టిదైన గంగాబొండాన్నీ కలిపి పుట్టించిన సంకరం ఇది. ఎక్కువ కాయలు కాస్తుంది, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టదు. దారిలో బొండం కొట్టించుకున్నప్పుడు ఏ రకమో అడిగి చూడండి. అమ్మే అతను మిమ్మల్ని వ్యవసాయశాఖ మనిషనుకుని ఇంకో బొండం ఇచ్చినా ఇస్తాడు.

● కోనసీమలోనే, మామిడికుదురు మండలంలో నగరం అనే ఊరుంది. గరాజీలు అనే మిఠాయికి ఆ ఊరే చిరునామా. బియ్యప్పిండిది, చూపుకు పట్టుదారాలు మడిచిపెట్టినట్టు ఉంటుంది.

● ఆంధ్ర మధ్యలో ఉండి ఆంధ్ర కాని ఊరు యానాం. చుట్టూరా మన జిల్లాలే, పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. తీరిగ్గా తిరిగినా పూటలో అయిపోతుంది. బ్రిటిషువాళ్లు వెళ్లిపోయిన ఏడేళ్లకు కూడా ఇక్కడ ఫ్రెంచి జెండాయే ఎగిరింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఊరు చేతులు మారింది, ఆ నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. కాగితాల మీద లెక్క తేలడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది.

యానాంకు ఇంకో పేరుండేది: కల్యాణపురం. బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలను నిషేధించింది. ఫ్రెంచి యానాంకు ఆ చట్టం వర్తించదు. ఇంకేం, చుట్టుపక్కల జిల్లాల పెద్దలు పసిపిల్లల్ని బండ్లలో వేసుకుని వచ్చి ఇక్కడ పెళ్లిళ్లు చేసి వెనక్కి తీసుకెళ్లేవాళ్లు. పేరు అందంగా ఉంది, పని అందమైనది కాదు. మంగళవారం సంత కూడా అలాంటిదే. సరిహద్దు అవతల దొరకని విదేశీ సరుకు ఇక్కడ చవగ్గా దొరికేది, కొంటే దాచుకుని దాటించాలి. సరిహద్దు రాయి ఎక్కడుంటే అక్కడ వ్యాపారం పుడుతుంది. 1995 నుంచి 1997 దాకా మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం ఉన్నప్పుడు యానాంకు అదీ వర్తించలేదు. ఇప్పటికీ పుదుచ్చేరి పన్నులు వేరు, సీసా ధరలు వేరు, వాటి కోసం వచ్చే బండ్ల వరస వేరు. వైన్‌కు లోకంలో పేరుమోసిన దొరలు రెండు శతాబ్దాలు ఏలిన ఊరు కదా అని ఆశపడకండి. ద్రాక్షతోట ఒక్కటీ పెట్టలేదు, బ్రాందీ షాపులకు మాత్రం దారి వేసి వెళ్లారు. ఇక్కడ నాకు నచ్చేది సాయంత్రం గౌతమి ఒడ్డు. పైసా ఖర్చు లేదు, పన్ను లేదు.

● బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవాళ్లు. యానాంకు పక్కనే ఉన్న కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లినవాళ్లు కాబట్టి. రేవు పోయింది, మడఅడవి మిగిలింది. మాట మాత్రం సముద్రం అవతల నిలిచిపోయింది.

● కాకినాడ నుంచి కోటిపల్లికి 1920ల్లో వేసిన రైలు పట్టాలను రెండో ప్రపంచయుద్ధంలో ఇనుము కోసం పీకేశారు. మళ్లీ వేసింది 2004లో. 45 కిలోమీటర్ల దారి ఆరు దశాబ్దాల పాటు గట్టుగా మాత్రమే ఉండిపోయింది. కోటిపల్లి రేవులో మనిషినీ మోటారు సైకిలునూ కలిపి ఎక్కించుకునే పంటు ఉంటుంది. వంతెనల కన్నా పంటు మేలు. గోదావరిని దాటినట్టు అనిపించేది దాని మీదే.

● కాజాకు రెండు రాజధానులు, వాళ్ల మధ్య సంధి లేదు. కాకినాడది గొట్టం కాజా. లోపల బోలుగా ఉండి పాకాన్ని దాచుకుంటుంది, కొరికితే చొక్కా మీద పడుతుంది. తెనాలి వైపు నుంచి వలస వచ్చిన చిట్టిపెద్ది కోటయ్య దీన్ని పందొమ్మిదో శతాబ్దం చివర్లో కాకినాడకు పరిచయం చేశాడు. తాపేశ్వరానిది మడత కాజా. పిండిని పల్చగా ఒత్తి, చుట్టి, కోసి వేయిస్తే పొరలు పొరలుగా విచ్చుకుంటుంది, పాకం పొర మధ్యన ఉంటుంది. పోలిశెట్టి సత్తిరాజు పేరుతో అది నిలబడింది. ఏది గొప్ప అని అడిగి ఈ చుట్టుపక్కల ఎవరి స్నేహమూ పోగొట్టుకోకండి. నేను వేడి మీద గొట్టం, చల్లారాక మడత అని తప్పించుకుంటాను.

తాపేశ్వరం చిన్న ఊరే. అయినా 2016 సెప్టెంబరు 6న ఇక్కడ కట్టిన ఒక్క లడ్డు 29,465 కిలోలు తూగి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఏ నోటికీ ఇమడని లడ్డు ఎందుకని అడిగితే, వినాయక చవితి కదండీ అంటారు. ఆయన నోరు పెద్దదే.

● రెండో ఒడ్డుకు వేరే రోజు కావాలి. అయినా నాలుగు మాటలు. బియ్యం బస్తా మీద 'ఎంటీయూ' అని కనబడితే అది పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధన స్థానం ముద్ర. 1925లో మొదలైన ఆ స్థానం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029కి జనం పెట్టుకున్న పేరు స్వర్ణ. ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్ దాకా పాకిపోయిన వరి అది. దాని నుంచి పుట్టించిన స్వర్ణ సబ్-1 అయితే రెండు వారాలు వరద నీటిలో మునిగినా మళ్లీ లేస్తుంది. తణుకులో పంచదార కర్మాగారంగా 1947లో పుట్టిన ఆంధ్రా షుగర్స్ ఇస్రోకు రాకెట్ ఇంధనం తయారుచేస్తుంది. చెరకు తీపి చంద్రుడి దారి పట్టిందన్నమాట. నరసాపురంలో మాధవాయిపాలెం అనే పేట ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని మడపోలం అన్నారు. అక్కడ నేయించుకుపోయిన మెత్తటి నూలు బట్టను ఐరోపాలో ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అదే నరసాపురం ఆడవాళ్లు మిషనరీల దగ్గర నేర్చుకుని తమది చేసుకున్న క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాలకొల్లులో మినపరొట్టి. దళసరి గిన్నెలో కిందా పైనా నిప్పులు పెట్టి తాపీగా కాలుస్తారు, అంచు కరకర, నడుమ దూదిలా ఉంటుంది. చెరకు పానకంలో ముంచుకుని తినాలి. ఆకలిగా ఉన్నప్పుడు ఆర్డరిస్తే అది కాలేలోపు ఓపిక పోతుంది. ముందు ఆర్డరిచ్చి, అక్కడి గుడి గోపురం చూసి రండి.

● రాజమండ్రికి తిరిగొచ్చాక మెయిన్ రోడ్డు సందులోని రోజ్‌మిల్క్ దుకాణం ముందు ఆగకపోతే ప్రయాణం పూర్తయినట్టు కాదు. డెబ్బై ఏళ్లు దాటిన కొట్టు. గులాబీ రంగు పాలు, చల్లదనం, నిలబడి తాగడం, అంతే సరంజామా. వైన్ రుచి చూసేవాళ్లు గ్లాసు తిప్పుతారు, వాసన చూస్తారు, పుక్కిలిస్తారట. ఇక్కడ వెనకాల క్యూ ఉంటుంది, అంత తీరుబడి ఇవ్వరు.

● పులస నదిలో కాపురముండదు, నదిలోకి వస్తుంది. సముద్రంలో ఉన్నంతసేపు దాన్ని వలస అంటారు. జులై దాటి ఎర్రనీళ్లు సముద్రంలోకి దూకుతుంటే, ఆ వరదకు ఎదురీది గుడ్లు పెట్టడానికి గౌతమిలోకీ వశిష్ఠలోకీ ఎక్కుతుంది. ఎక్కే కొద్దీ ఉప్పు వదులుతుంది, రుచి మారుతుంది, పేరు మారుతుంది, ధర మారుతుంది. ధవళేశ్వరం దగ్గర దారి ఆగిపోతుంది కాబట్టి పులస దొరికేదంతా ఆ లోపే. బెంగాలీల ఇలిష్ ఇదే, బంగ్లాదేశ్ జాతీయ చేప కూడా ఇదే. అక్కణ్నుంచీ ఒడిశా నుంచీ ఐసు పెట్టెల్లో వచ్చిన చేప కూడా ఇక్కడ పులస పేరుతోనే అమ్ముడవుతుంది. తెలిసినవాళ్లు పొలుసు మెరుపు చూస్తారు, తెలియనివాళ్లు బోర్డు చూస్తారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఎవరు కట్టారో గానీ, వాళ్లు కచ్చితంగా పుస్తెలు కట్టించుకున్నవాళ్లు కాదు, కట్టినవాళ్లు.

వండే పద్ధతి మాత్రం గోదావరిదే. మట్టిదాకలో, కట్టెల సెగ మీద, చింతపండు పులుసు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు. గరిటె పెట్టి తిప్పితే చేప విరిగిపోతుంది, దాకను పట్టుకుని ఊపాలి. దించాక ఆ పూట తినరు. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తారు. ముక్కకు పులుసు పట్టి, ముల్లు మెత్తబడి, నూనె పైకి తేలి, తెల్లారాక అన్నంలోకి వడ్డిస్తారు. కల్లు పొద్దుటిది పొద్దున్నే, పొట్టిక్క ఉదయమే, రేకు కుండ మీద ఉన్నప్పుడే. ఒక్క పులస పులుసే మర్నాడు కావాలంటుంది. వరదల్లో వచ్చేవాళ్లు రాజమండ్రిలో రాత్రికి గది ఒకటి ముందే మాట్లాడి పెట్టుకోండి.